ముప్పై సెట్టింగులు మార్చినా రాని ప్రైవసీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఏదో వీడియో చూసి ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ పేజీ (మామూలు మెనూల్లో కనిపించని లోపలి సెట్టింగులుండే చోటు) తెరిచి ముప్పైకి పైగా విలువలు మార్చారు. ప్రైవసీ పేరుతో ఆరు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, కూడా వేసుకున్నారు. ఇప్పుడు బ్యాంక్ సైట్ లాగిన్ దగ్గరే గిరగిరా తిరుగుతోంది, సగం సైట్లు ‘మీరు మనిషేనా’ అని బొమ్మలు చూపించి ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమంటున్నాయి. విసుగొచ్చి క్రోమ్‌కి వెళ్లిపోదామా అనుకుంటున్నారు. ప్రైవసీ ఉండాలి, తలనొప్పి ఉండకూడదు, అలాంటి డెస్క్‌టాప్ బ్రౌజర్ ఏదని అడిగారు.

ఉంది. పైగా అది మీ కంప్యూటర్లోనే ఉంది. మీరు మార్చినవన్నీ తీసేస్తే బయటపడుతుంది.

ముందు ఆ పని చెబుతాను. ఫైర్‌ఫాక్స్ హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ పేజీ ఉంటుంది, అందులో ‘రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్’ అని ఒక బటన్. నొక్కితే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, హిస్టరీ అలాగే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్లు, అబౌట్ కాన్ఫిగ్ మార్పులు పోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ పని చేశాక డెస్క్‌టాప్ మీద ‘ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా’ అని ఒక ఫోల్డర్ వచ్చి కూర్చుంటుంది. మీ పాత ప్రొఫైల్ మొత్తం, దాచుకున్న పాస్‌వర్డుల ఫైళ్లతో సహా, అందులోనే ఉంటుంది. అంతా బాగానే ఉందని తేలాక దాన్ని తీసేయండి. ప్రైవసీ కోసం ఇంత తిప్పలు పడి ఆ ఫోల్డర్‌ని నెలల తరబడి డెస్క్‌టాప్ మీదే వదిలేసిన వాళ్లని చూశాను.

మీ ముప్పై మార్పుల్లో ఏది బ్యాంక్ సైట్‌ని ఆపిందో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. మీరూ చెప్పలేరు, అసలు సమస్య అదే. పదిహేనేళ్లకు పైగా ఆఫీసు కంప్యూటర్లు సర్దిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటిది ఒకటి చెబుతాను. ఒక సహోద్యోగికి వెబ్ క్యాలెండర్‌లో మీటింగులన్నీ కొన్ని గంటలు ముందుకు జరిగిపోయి కనిపించేవి. మధ్యాహ్నం మీటింగ్‌కి తెల్లవారుజామున పిలిచినట్టుండేది. కంప్యూటర్ గడియారం చూశాం, సరిగ్గానే ఉంది. క్యాలెండర్ అకౌంట్‌లో టైమ్ జోన్ చూశాం, సరిగ్గానే ఉంది. ఫోన్‌లో సరిగ్గా కనిపిస్తుంది, ఇంకో బ్రౌజర్‌లో సరిగ్గా కనిపిస్తుంది. సగం రోజు సర్వర్ వాళ్లని విసిగించాక, చివరికి ఆయన మెల్లగా చెప్పారు: ‘మూడు నెలల క్రితం ఒక ఆర్టికల్ చూసి ఏదో ఆన్ చేశానండీ, దీనికి సంబంధం ఉంటుందా?’ ఆయన ఆన్ చేసింది ‘రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ అనే విలువ. అది ఆన్‌లో ఉంటే, మీరు ప్రపంచంలో ఏ మూల ఉన్నారో తెలియకుండా బ్రౌజర్ ప్రతి సైట్‌కీ అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్నే (యూటీసీ) చెబుతుంది. క్యాలెండర్ దాన్నే నమ్మింది. బ్రౌజర్ తప్పు లేదు, క్యాలెండర్ తప్పు లేదు. ఆయన అడిగినదే బ్రౌజర్ చేసింది, తను ఏం అడిగాడో ఆయనకే తెలియదు.

అందుకే నా లెక్క ఇది. బ్రౌజర్ మిమ్మల్ని ఎన్ని నిర్ణయాలు అడగకుండా ఉంటే అది అంత సింపుల్. బటన్లు తక్కువ ఉండటం వేరే సంగతి. ఈ రెండిటికీ తేడా తెలియకే చాలామంది బోల్తా పడతారు.

అడ్రస్ బార్‌నే తీసుకోండి. పాత ఫైర్‌ఫాక్స్‌లో పైన రెండు పెట్టెలు ఉండేవి, ఒకటి వెబ్ అడ్రస్‌కి, ఇంకొకటి వెతకడానికి. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ రెండిటినీ కలిపి ఒకటే పెట్టె చేసింది. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 కూడా కొత్తవాళ్లకి అదే దారి పట్టింది. కానీ పెట్టె ఒకటే అయ్యేసరికి, మీరు ఒక్కో అక్షరం కొడుతుండగానే అది సజెషన్ల కోసం సెర్చ్ ఇంజిన్‌కి వెళ్లడం మొదలైంది. ఎంటర్ నొక్కాల్సిన పని కూడా లేదు. పొరపాటున వేరే కిటికీ అనుకుని పాస్‌వర్డ్ అక్కడ కొట్టడం మొదలుపెట్టారనుకోండి, నాలుగో అక్షరం దగ్గర గుర్తొచ్చి ఆగినా నాలుగు అక్షరాలు వెళ్లిపోయి ఉండొచ్చు. ఎవరికైనా చెప్పడానికి సిగ్గుపడే జబ్బు పేరు సగం కొట్టి చెరిపేసినా అంతే. ఒక పెట్టె తగ్గి కిటికీ అందంగా అయింది, దానికి బదులు ఏం ఇచ్చామో కంటికి కనిపించదు. సెర్చ్ సెట్టింగుల్లో ‘షో సెర్చ్ సజెషన్స్’ టిక్ తీసేస్తే ఇది ఆగిపోతుంది. నేను ఏ కొత్త కంప్యూటర్లోనైనా ముందుగా చేసేది ఇదే. క్రోమ్‌లో అయితే ‘మేక్ సెర్చెస్ అండ్ బ్రౌజింగ్ బెటర్’ అనే స్విచ్ కూడా చూసుకోండి. పేరు చూస్తే మనకేదో మేలు చేస్తున్నట్టుంటుంది, చేసే పని మీరు తెరిచే పేజీల అడ్రసులు గూగుల్‌కి పంపడం.

ఇక కుకీలు, అంటే సైట్లు మీ బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న చీటీలు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి వీటిని తయారుచేసింది చాలా అమాయకమైన పనికి: బుట్టలో ఏం వేసుకున్నారో దుకాణం సైట్ మర్చిపోకుండా ఉండటానికి. ఆ పనికి అవి ఇప్పటికీ కావాలి, అవి లేకపోతే లాగిన్ అనేదే నిలబడదు. తంటా అంతా థర్డ్ పార్టీ కుకీలతో. మీరు వార్తల సైట్ తెరుస్తారు, అందులో ఒక యాడ్ కంపెనీ ముక్క ఉంటుంది. తర్వాత వంటల సైట్ తెరుస్తారు, అక్కడా అదే కంపెనీ ముక్క. రెండుచోట్లా అదే కుకీ చదివి, ఈ రెండూ చూసింది ఒకరేనని అది రాసుకుంటుంది.

చాలామంది దీనికి చేసే వైద్యం రోజూ కుకీలు చెరిపేయడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట తిరగనిచ్చి రాత్రికి చెరిపేస్తే, చెరిగేది మీ దగ్గరున్న కుకీ మాత్రమే, వాళ్ల దగ్గర రాసుకున్నది కాదు. పైగా మర్నాడు ప్రతి సైట్‌లో మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. ఈ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లు పది రోజుల్లో విసుగొచ్చి, దాంతోపాటు మిగతావన్నీ కూడా ఆఫ్ చేసి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. మీరూ ఇప్పుడు ఆ గట్టు మీదే ఉన్నారు.

తొక్కకుండా ఉండే పని బ్రౌజర్ చేయాలి, మీరు అడక్కుండానే చేయాలి. ఇక్కడే బ్రౌజర్ల మధ్య నిజమైన తేడా కనిపిస్తుంది. యాపిల్ వాళ్ల సఫారీ 2017 నుంచి ట్రాకర్లని (ఇలా వెంట తిరిగే ముక్కలని) కట్టడి చేస్తూ వచ్చి, 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ మొత్తంగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబరు నుంచి తెలిసిన ట్రాకర్ల కుకీలని అందరికీ డిఫాల్ట్‌గా ఆపుతోంది. 2022 జూన్‌లో ఇంకో అడుగు వేసి, ఏ సైట్‌లో పుట్టిన కుకీని ఆ సైట్ డబ్బాలోనే పెట్టి మూత వేసే పద్ధతిని డిఫాల్ట్ చేసింది. వార్తల సైట్ డబ్బాలో ఉన్న యాడ్ కంపెనీకి వంటల సైట్ డబ్బాలో ఏముందో కనపడదు. అడ్డుకోవడం కన్నా ఇది తెలివైన పని, ఎందుకంటే కుకీ ఉండనే ఉంది కాబట్టి సైట్లు విరిగిపోవు. క్రోమ్ సంగతి వేరు. థర్డ్ పార్టీ కుకీలని రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ప్లాన్ వదులుకుంది. 2025 ఏప్రిల్లో, దీని గురించి వాడేవాళ్లని విడిగా అడిగే ఆలోచన కూడా లేదంది. మామూలు కిటికీలో అవి ఇప్పటికీ డిఫాల్ట్‌గా వెళ్తూనే ఉంటాయి. మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ఆపుకోవాలి. ఆపుకోవచ్చు, రెండు క్లిక్కుల పని. కానీ ఆ రెండు క్లిక్కులు చేసేవాళ్లు ఎందరు?

క్రోమ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. సెక్యూరిటీ వైపు నుంచి చూస్తే అది గట్టి బ్రౌజర్, అప్‌డేట్లు టకటకా వస్తాయి. దొంగ బయటి నుంచి రాకుండా చూడటం సెక్యూరిటీ, ఇంట్లో మాటలు ఎవరి చెవిన పడుతున్నాయన్నది ప్రైవసీ. మొదటిదాంట్లో క్రోమ్‌కి వంక పెట్టలేం. రెండోదాంట్లో మాత్రం దాన్ని తయారుచేసే కంపెనీ ఆదాయమే ప్రకటనల మీద ఉంది. డిఫాల్ట్ ఎటు మొగ్గుతుందో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

మీరు పెట్టిన లిస్టులో ‘డూ నాట్ ట్రాక్’ కూడా ఉంది కదా, దాని కథ చెప్పకుండా ఉండలేను. కంట్రోల్ ఉన్నంత మాత్రాన పని జరుగుతుందనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ‘నన్ను ట్రాక్ చేయొద్దు’ అని బ్రౌజర్ ప్రతి సైట్‌కీ ఒక చిన్న సందేశం పంపుతుంది, అంతే. వినాలా వద్దా అన్నది సైట్ ఇష్టం. ఫైర్‌ఫాక్స్‌లో 2011లో వచ్చింది. 2012లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేయగానే, ఇది వాడేవాళ్లు స్వయంగా కోరుకున్నది కాదు కాబట్టి మేం పట్టించుకోం అని ప్రకటనల కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. దీనికి ప్రమాణం తయారుచేస్తున్న డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) బృందం 2019 జనవరిలో మూతపడింది. అదే ఏడాది సఫారీ ఈ సెట్టింగ్‌నే తీసేస్తూ చెప్పిన కారణం చూడండి: దీన్ని ట్రాకింగ్‌కే వాడుకునే ప్రమాదం ఉందట! అవును మరి, దీన్ని ఆన్ చేసుకున్నవాళ్లు కొద్దిమందే కాబట్టి, ఆన్ చేయడమే ఒక గుర్తు. ఫైర్‌ఫాక్స్ కూడా 2025 ఫిబ్రవరిలో, 135వ వెర్షన్‌లో ఆ టిక్ బాక్స్ తీసేసింది. దాని స్థానంలో ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ ఉంది. పనిచేసే తీరు దాదాపు అదే, కాకపోతే కాలిఫోర్నియా లాంటి చోట్ల చట్టం దీన్ని గుర్తిస్తుంది. ఆన్ చేసుకుంటే పోయేదేం లేదు, పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

ఆన్ చేయడమే ఒక గుర్తు అన్నాను. మీ అబౌట్ కాన్ఫిగ్ మార్పుల మీద నాకున్న అసలు అభ్యంతరం ఇక్కడే. కుకీ లేకుండా కూడా మిమ్మల్ని గుర్తుపట్టొచ్చు. స్క్రీన్ సైజు, ఫాంట్లు, భాష, టైమ్ జోన్, గ్రాఫిక్స్ కార్డు గీసే బొమ్మలో అతి చిన్న తేడాలు, ఇవన్నీ కలిపితే ఒక వేలిముద్ర తయారవుతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో పానోప్టిక్లిక్ అనే ప్రయోగం చేసింది. దానికి వచ్చిన సుమారు నాలుగు లక్షల డెబ్బై వేల బ్రౌజర్లలో 83.6 శాతం దేనికదే, ఇంకోదానితో పోలిక లేకుండా ఉన్నాయి. ఆ ప్రయోగానికి వెళ్లినవాళ్లలో చాలామంది ప్రైవసీ మీద ఆసక్తి ఉన్నవాళ్లే కాబట్టి ఆ శాతాన్ని ప్రపంచం మొత్తానికీ వర్తింపజేయలేం. కానీ సంగతి అర్థమవుతుంది. దాని కొత్త రూపం ‘కవర్ యువర్ ట్రాక్స్’ పేరుతో ఇప్పటికీ ఉంది, మీ బ్రౌజర్‌ని మీరే పరీక్షించుకోవచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. డిఫాల్ట్ ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు కోట్లలో ఉంటారు. మీరు మార్చిన ముప్పై విలువలు, ఆరు ఎక్స్‌టెన్షన్లు సరిగ్గా అదే కలయికలో ఉన్నవాళ్లు ఇంకెందరుంటారు? పెళ్లి పందిట్లో ఎవరి కంటా పడకూడదని ముసుగు వేసుకుని కూర్చుంటే, పందిరంతా చూసేది ఆ ముసుగు వైపే.

మీరెవరో తెలియకుండా మీ ట్రాఫిక్‌ని చాలా కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపే టోర్ బ్రౌజర్ తయారుచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. వాళ్ల పద్ధతి దాచడం కన్నా అందరినీ ఒకేలా కనిపించేలా చేయడం. కిటికీ సైజుని కూడా నిర్ణీత కొలతలకి సర్ది, మిగిలిన చోట అంచులు ఖాళీగా వదిలేస్తారు. సెక్యూరిటీ సెట్టింగ్ చూస్తే మూడే మెట్లు: స్టాండర్డ్, సేఫర్, సేఫెస్ట్. ఎక్స్‌టెన్షన్లు వేసుకోవద్దని వాళ్లే చెబుతారు. ప్రైవసీలో అందరికన్నా ముందున్న బ్రౌజర్‌లో మార్చుకోవాల్సినవి ఇంత తక్కువ ఎందుకున్నాయో ఒక్కసారి ఆలోచిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. రోజువారీ పనికి టోర్ నిదానం, బ్యాంకులు దాన్ని చూసి బెదురుతాయి కూడా. మల్వాడ్ అనే కంపెనీ టోర్ బృందంతో కలిసి 2023లో విడుదల చేసిన మల్వాడ్ బ్రౌజర్ అదే పద్ధతిని టోర్ నెట్‌వర్క్ లేకుండా ఇస్తుంది. బ్రేవ్ అనే బ్రౌజర్ ఇంకో దారి పట్టింది, ప్రతి సైట్‌కీ ఆ విలువల్లో కొంచెం కొంచెం తేడా చూపించి వేలిముద్ర ఎక్కడికక్కడ మారిపోయేలా చేస్తుంది. ఇవి బ్రౌజర్ చేయాల్సిన పనులు. మనం చేత్తో చేస్తే అతుకులు కనపడతాయి.

ప్రైవేట్ విండో (క్రోమ్‌లో దీని పేరు ఇన్‌కాగ్నిటో) గురించి మీరు అడగలేదు, కానీ ‘ముఖ్యమైన పనులన్నీ ఇన్‌కాగ్నిటోలోనే చేస్తాను’ అని రాశారు, అందుకని. అది మీ కంప్యూటర్ వాడే ఇంకొకరి నుంచి మాత్రమే దాస్తుంది. మూసేస్తే హిస్టరీ, కుకీలు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మాత్రం ఫోల్డర్‌లో హాయిగా ఉంటుంది. మీ నెట్ కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్ చూసేవాళ్లకి మీరు ఏ సైట్‌కి వెళ్లారో తెలుస్తుంది. మీరు లాగిన్ అయితే ఆ సైట్‌కి మీరెవరో తెలుస్తుంది, వేరే చెప్పాలా? ఈ పేరు వల్ల జనం ఎంత పొరబడ్డారో చెప్పాలంటే, ఇన్‌కాగ్నిటోలో ఉన్నా సమాచారం సేకరించారని గూగుల్ మీద 2020లో అమెరికాలో కేసు పడింది. 2024 ఏప్రిల్లో బయటికొచ్చిన ఒప్పందం ప్రకారం కోట్లాది రికార్డులు చెరిపేయడానికి, ఆ కిటికీ తెరిచినప్పుడు కనిపించే హెచ్చరికని మరింత స్పష్టంగా రాయడానికి కంపెనీ ఒప్పుకుంది. ప్రైవేట్ విండోని నేను వాడేది రెండింటికి: ఇంకొకరి కంప్యూటర్లో మెయిల్ చూసుకోవడానికి, ఒక సైట్ లాగిన్ లేకుండా ఎలా కనిపిస్తుందో చూడటానికి.

రిఫ్రెష్ అయ్యాక మీ ఆరు ఎక్స్‌టెన్షన్లలో ఒక్కటే మళ్లీ వేసుకోండి, ప్రకటనలని, ట్రాకర్లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్. మిగతా ఐదు చేసే పనుల్లో చాలా భాగం అదొక్కటే చేస్తుంది, లేదా ఫైర్‌ఫాక్స్ తనే చేస్తుంది. ఎక్స్‌టెన్షన్ వేసుకునేటప్పుడు ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి’ అనుమతి అడుగుతుంది చూడండి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదవండి. మీ మెయిల్, మీ బ్యాంక్ పేజీ, అన్నీ అందులోకే వస్తాయి. నేనొకసారి పేజీల స్క్రీన్‌షాట్ తీసే చిన్న ఎక్స్‌టెన్షన్ ఏళ్లపాటు వాడాను, ముచ్చటగా ఉండేది. ఒకరోజు సెర్చ్ ఫలితాల మధ్యలో ఎప్పుడూ లేని ప్రకటనలు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, దాన్ని తయారుచేసినాయన ఎవరికో అమ్మేశాడు, కొన్నవాళ్లు తర్వాతి అప్‌డేట్‌లో తమ సరుకు నింపారు. నేనిచ్చిన పాత అనుమతి వాళ్లకి అలాగే చెల్లింది. అప్పటి నుంచి నా లెక్క రెండు ఎక్స్‌టెన్షన్లు దాటలేదు. ఒకటి యూబ్లాక్, ఇంకొకటి పాస్‌వర్డ్ మేనేజర్.

యూబ్లాక్ ఆరిజిన్ కోసమైనా నేను ఫైర్‌ఫాక్స్ వైపు మొగ్గుతాను. ఎక్స్‌టెన్షన్లు పనిచేసే పాత పద్ధతిని క్రోమ్ 2025లో పూర్తిగా ఆపేసింది. దాంతో అక్కడ అసలు యూబ్లాక్ పోయి, ‘లైట్’ అనే తేలిక రకం మాత్రమే మిగిలింది. ఆ లైట్ కూడా చెడ్డదేం కాదు, క్రోమ్ తప్ప గతి లేని ఆఫీసు కంప్యూటర్లో అదే వేసుకోండి.

నోటిఫికేషన్ల సంగతి మాత్రం వదలకండి. నా దగ్గరికి ‘కంప్యూటర్లో వైరస్ వచ్చింది’ అని టెన్షన్ పడుతూ వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి వైరస్సే ఉండదు. స్క్రీన్ కుడివైపు కింద మూలలో ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి’ అని ఎర్రటి గుర్తుతో పెట్టె వస్తూ ఉంటుంది. చూడటానికి అచ్చం విండోస్ పంపినట్టే ఉంటుంది. బాగా దగ్గరగా చూస్తే అందులో చిన్న అక్షరాల్లో ఏదో వెబ్‌సైట్ పేరు, బ్రౌజర్ పేరు కనిపిస్తాయి. ఎప్పుడో ఏదో సైట్ ‘వీడియో చూడాలంటే అలో నొక్కండి’ అంటే నొక్కి ఉంటారు, అంతే. యాంటీ వైరస్ కొనిపించి, ఫార్మాట్ చేయించి, అయినా తగ్గలేదని వచ్చినవాళ్లు ఉన్నారు. ఎందుకు తగ్గుతుంది? అలాంటి సైట్‌లోనే మళ్లీ అలో నొక్కి ఉండొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద పర్మిషన్స్, అందులో నోటిఫికేషన్స్ పక్కన సెట్టింగ్స్ నొక్కండి. అక్కడ కనిపించే లిస్టులో మీకు తెలియని పేర్లు తీసేసి, కింద కొత్త అభ్యర్థనలని అడ్డుకునే టిక్ పెట్టండి. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లో ఇలాంటిదే ఉంటుంది. నిర్ణయం ఒక్కసారి తీసుకుంటారు, ఇక ఎప్పుడూ అడగదు.

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన ప్రైవసీ కంట్రోల్ ప్రైవసీ పేజీలోనే ఉండదు. అది ప్రొఫైళ్లు, అంటే ఒకే బ్రౌజర్‌లో కుకీలు, లాగిన్లు, ఎక్స్‌టెన్షన్లు దేనికవి విడిగా ఉండే గదులు. బ్యాంక్, పన్నులు, ఆరోగ్యం లాంటివి ఒక ప్రొఫైల్‌లో, మిగతా తిరుగుడంతా ఇంకో ప్రొఫైల్‌లో. ఒక్కోదానికి వేరే రంగు థీమ్ పెట్టుకుంటే కిటికీ చూడగానే ఎక్కడున్నారో తెలుస్తుంది. నాది బ్యాంక్ కిటికీ ఆకుపచ్చ. దాంట్లో ఎక్స్‌టెన్షన్లు ఒక్కటీ లేవు, సెట్టింగులన్నీ డిఫాల్ట్. అందుకే అక్కడ ఏదీ విరగదు. రెండో ప్రొఫైల్‌లో ట్రాకింగ్ రక్షణని ‘స్ట్రిక్ట్’కి మార్చి, యూబ్లాక్ వేసి, ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి. విరిగితే విరగనివ్వండి, బ్యాంక్ పనికి ఆటంకం లేదు. ప్రొఫైల్ మరీ ఎక్కువ అనిపిస్తే మొజిల్లా వాళ్లదే ‘మల్టీ అకౌంట్ కంటెయినర్స్’ ఉంది, ఒకే కిటికీలో ట్యాబులని విడివిడి డబ్బాల్లో పెడుతుంది. నేను మాత్రం ప్రొఫైళ్లనే ఇష్టపడతాను. ఏ ట్యాబ్ ఏ డబ్బాలో ఉందో చూసుకుంటూ కూర్చోవడం కూడా ఒక పనే.

వీపీఎన్, అంటే మీ ట్రాఫిక్‌ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే సర్వీసు, అవసరమా అని అడిగారు. బ్రౌజర్ ప్రైవసీకి అది మందు కాదు. నెట్ కంపెనీ చూసేది ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది, కుకీలు, లాగిన్లు, వేలిముద్ర ఎక్కడివక్కడే ఉంటాయి. సైట్‌తో మాటలు దారిలో ఎవరూ చదవలేని పద్ధతిలోనే సాగేలా చూసే ‘హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ’ మోడ్ ఆన్ చేసుకోండి, ఖర్చు లేదు, తలనొప్పి లేదు, 2020 నవంబరు నుంచి ఫైర్‌ఫాక్స్‌లో ఉంది.

మరి ఏ బ్రౌజర్? మ్యాక్ అయితే సఫారీ చాలు, ఏమీ మార్చకండి. విండోస్, లినక్స్ మీద నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కి, నేను పైన చెప్పిన నాలుగైదు మార్పులతో. ఎక్స్‌టెన్షన్ అనే మాటే వద్దనుకుంటే బ్రేవ్, వేసుకున్న రోజు నుంచే ప్రకటనలు, ట్రాకర్లు ఆగిపోతాయి. కాకపోతే వాలెట్ అనీ, రివార్డ్స్ అనీ అది చూపించే గుర్తులన్నీ మొదటి రోజే దాచేయండి. సింప్లిసిటీ కోసం వచ్చినవాళ్లకి సంత చూపించినట్టుంటుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో ట్రాకింగ్ రక్షణ డిఫాల్ట్‌గా ‘బ్యాలెన్స్డ్’లో ఉంటుంది, ‘స్ట్రిక్ట్’కి మార్చి, కొత్త ట్యాబ్‌లో వచ్చే వార్తల గోల ఆపుకుంటే పర్వాలేదు. వివాల్డీ నాకు ముద్దు, ప్రతి బటన్‌నీ మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. మీకు మాత్రం వద్దు, మళ్లీ ముప్పై సెట్టింగులు మారుస్తారు.

ఇదంతా అయ్యాక కూడా ఎప్పుడో ఒకసారి ఒక సైట్ తెరుచుకోదు, వీడియో ఆడదు, పేమెంట్ దగ్గర ఆగుతుంది. అప్పుడు సెట్టింగ్స్ పేజీ జోలికి వెళ్లకండి. అడ్రస్ బార్ ఎడమ చివర షీల్డ్ గుర్తు ఉంటుంది, నొక్కి ఆ ఒక్క సైట్‌కి రక్షణ ఆపండి, పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. అప్పటికీ రాకపోతే యూబ్లాక్ గుర్తు నొక్కి పెద్ద పవర్ బటన్ ఆఫ్ చేయండి, అది కూడా ఆ సైట్ వరకే. అదీ కాకపోతే ఆకుపచ్చ కిటికీలో తెరవండి. అక్కడా తెరుచుకోకపోతే తప్పు ఆ సైట్‌ది. మీ బ్యాంక్ సైట్ రిఫ్రెష్ తర్వాత కూడా తిరుగుతూనే ఉంటే, ఏ మెసేజ్ వస్తోందో ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, చూద్దాం.